డాష్‌బోర్డ్‌లోని టేబుల్‌ని అక్కడే దిద్దుకోవాలా? ఏ దారి ఎవరికి నప్పుతుంది

డాష్‌బోర్డ్ వాడేవాళ్ల నుంచి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వచ్చి తీరుతుంది: "ఈ వరుసలో తప్పుంది, సరైనది ఏమిటో నాకు తెలుసు. ఇక్కడే మార్చేసే వీలు ఇవ్వండి." అడిగింది న్యాయమే. తప్పు కళ్లముందే ఉంది, దాన్ని సరిచేయగల మనిషి కూడా అక్కడే ఉన్నారు. అయినా స్క్రీన్‌షాట్ తీసి మెయిల్ పెట్టాలి, వేరే సాఫ్ట్‌వేర్‌లో ఇంకెవరో మార్చేదాకా ఆగాలి, మర్నాటి రిఫ్రెష్ అయ్యాక మళ్లీ వచ్చి చూసుకోవాలి. నాలుగుసార్లు ఇలా జరిగాక ఎవరూ తప్పుల గురించి చెప్పరు. టేబుల్‌ని ఎక్సెల్‌లోకి దించుకుని, తమ కాపీలో దిద్దుకుని, దాంతోనే మీటింగ్‌కి వస్తారు. అప్పటి నుంచి డాష్‌బోర్డ్ ఒక లెక్క చెబుతుంది, మీటింగ్‌లో ఇంకో లెక్క నడుస్తుంది.

కాబట్టి ఎడిట్ చేసే వీలు ఇవ్వాల్సిందే. ఎలా ఇవ్వాలన్న దగ్గర చాలామంది నేరుగా టూల్స్ పోల్చడం మొదలుపెడతారు. నా సలహా వేరు. ముందు ఒక్కో కాలమ్ తీసుకుని, అందులోని విలువకి సొంతదారు ఎవరో తేల్చండి. ఆ జవాబు దొరికితే సగానికి సగం టూల్స్ వాటంతట అవే పోటీ నుంచి తప్పుకుంటాయి.

ముందు తేల్చుకోవాల్సింది: మారుస్తున్నది ఏమిటి

మనుషులు డాష్‌బోర్డ్‌లో మార్చాలనుకునేవి చూస్తే దాదాపు అన్నీ నాలుగు రకాల్లోకి వస్తాయి.

మొదటిది, వేరే సిస్టమ్‌లో పుట్టిన వాస్తవం. ఆర్డర్‌లో పరిమాణం తప్పు, కస్టమర్ చిరునామా తప్పు, ఇన్‌వాయిస్ తేదీ తప్పు. వీటికి సొంతదారు బిల్లింగ్ సాఫ్ట్‌వేరో, కస్టమర్ల సాఫ్ట్‌వేరో. డాష్‌బోర్డ్‌లో కనిపించేది దాని నకలు మాత్రమే. నకలులో దిద్దితే, మూల సిస్టమ్ నుంచి డేటాని మళ్లీ తెచ్చే రాత్రి లోడ్ నడిచేటప్పుడు పాత తప్పు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అది రాకుండా ఆపారంటే ఇంకా పెద్ద చిక్కు: ఒకే ఆర్డర్‌కి రెండు సిస్టమ్‌లలో రెండు పరిమాణాలు.

రెండోది వ్యాఖ్య లేదా స్థితి. యంత్రం ఎందుకు ఆగింది, ఈ బకాయిని ఎవరు చూసుకుంటున్నారు, ఈ అసాధారణ నంబర్‌ని పరిశీలించారా లేదా. వీటికి ఎక్కడా సొంత ఇల్లు ఉండదు. టేబుల్ చూస్తున్న క్షణంలోనే పుడతాయి. డాష్‌బోర్డ్‌లో ఎడిట్ చేయడానికి ఇంతకంటే తగిన డేటా లేదు.

మూడోది వర్గీకరణ: ఏ వస్తువు ఏ విభాగంలోకి వస్తుంది, ఏ ఖాతా ఎవరి బాధ్యత. చిన్న టేబుల్, అరుదుగా మారుతుంది. కానీ ఒక్క వరుస మారిస్తే గత రెండేళ్ల మొత్తాలన్నీ కదులుతాయి.

నాలుగోది లక్ష్యాలు, అంచనాలు, "ధర 5 శాతం పెంచితే?" లాంటి ఊహలు. వీటిలో తప్పు ఒప్పు అనేవి ఉండవు, వెర్షన్లు ఉంటాయి. ఎక్కువమంది నింపుతారు, పైవాళ్లు ఆమోదిస్తారు.

మొదటి రకానికి నా జవాబు చిన్నది: ఎడిట్ ఇవ్వకండి, లింక్ ఇవ్వండి. ప్రతి వరుస చివర ఒక లింక్ పెట్టి, నొక్కగానే మూల సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఆ ఆర్డర్ పేజీ తెరుచుకునేలా చేయండి. దాదాపు ప్రతి బీఐ (డాష్‌బోర్డ్‌లు కట్టే) టూల్‌లోనూ టేబుల్ కాలమ్‌ని యూఆర్ఎల్‌గా చూపించే సౌకర్యం ఉంటుంది. ఆర్డర్ నంబర్‌ని లింక్‌లో కలపడమే పని. అనుమతులు, తనిఖీలు, చరిత్ర అన్నీ మూల సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చూసుకుంటోంది కాబట్టి మీరు కొత్తగా కట్టాల్సింది ఏమీ ఉండదు. చూడటానికి గొప్పగా ఉండదు కనుక ఈ దారిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో మాత్రం దీనికే మొదటి స్థానం. ఇది కుదరదని తేలాకే మిగతావాటి వైపు చూడాలి.

చదవడానికి కట్టిన డేటాబేస్‌లో రాయడం

విశ్లేషణకు వాడే స్నోఫ్లేక్, బిగ్‌క్వెరీ లాంటి డేటాబేస్‌లు, అంటే వేర్‌హౌస్‌లు, లావాదేవీల డేటాబేస్‌ల్లాంటివి కావు. 1993లో డేటాబేస్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ "ఓలాప్" (ఆన్‌లైన్ విశ్లేషణ) అనే పేరుతో ఈ రెండింటినీ విడదీసి చెప్పారు. ఆ తేడా నేటికీ అలాగే ఉంది. స్నోఫ్లేక్ డేటాని మైక్రో పార్టిషన్లు అనే ముక్కలుగా దాస్తుంది, ఒకసారి రాసిన ముక్క ఇక మారదు. ఒక్క సెల్ మార్చినా ఆ ముక్క మొత్తం కొత్తగా రాయాల్సిందే. క్లిక్‌హౌస్‌లో ఆల్టర్ టేబుల్‌తో చేసే అప్‌డేట్ వెనకాల తీరిగ్గా నడిచే పని. బిగ్‌క్వెరీ ఒక టేబుల్ మీద ఒకేసారి రెండు అప్‌డేట్, డిలీట్, మెర్జ్ స్టేట్‌మెంట్లనే నడుపుతుంది, మరో 20 వరకు క్యూలో నిలబెడుతుంది. ఒక టీమ్ మొత్తం నెలాఖరున ఒకే టేబుల్‌లో ఒక్కో సెల్ సేవ్ చేస్తూ కూర్చుంటే ఈ హద్దు తగలడానికి ఎంతో సేపు పట్టదు.

ఇంకొకటి ఉంది, అది బయటికి కనిపించదు. స్నోఫ్లేక్ మామూలు టేబుల్స్‌లో, బిగ్‌క్వెరీలో, రెడ్‌షిఫ్ట్‌లో ప్రైమరీ కీ (ప్రతి వరుసనీ విడిగా గుర్తించే విలువ) ప్రకటించవచ్చు గానీ దాన్ని డేటాబేస్ అమలు చేయదు. ఒకే కీతో రెండు వరుసలు చేరినా అభ్యంతరం చెప్పదు. ఆ కీని నమ్మి అప్‌డేట్ పంపితే రెండు వరుసలూ మారిపోతాయి.

అందుకే, ఏ టూల్ ఎంచుకున్నా ఒక్క నియమం మాత్రం వదలొద్దు: అసలు టేబుల్‌ని ముట్టుకోకండి. మార్పులకు వేరే టేబుల్ పెట్టండి. అందులో వరుస కీ, కాలమ్ పేరు, పాత విలువ, కొత్త విలువ, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అనేవి ఉండాలి. ఆ టేబుల్‌లో కూడా అప్‌డేట్ చేయకుండా ప్రతి మార్పునీ కొత్త వరుసగా చేర్చండి. డాష్‌బోర్డ్ చదివే వ్యూలో (డేటాబేస్‌లో దాచిపెట్టిన క్వెరీలో) అసలు టేబుల్‌కి ఈ మార్పుల టేబుల్‌ని జోడించి, మార్పు ఉంటే తాజా మార్పుని, లేకపోతే అసలు విలువని చూపించండి. ముందు ప్రతి సెల్‌కీ తాజా మార్పుని ఎంచుకుంటే, ఆ తర్వాత ఖాళీ కాని మొదటి విలువని ఇచ్చే కోయాలెస్ ఫంక్షన్ చాలు. పుస్తకంలో అచ్చు పడ్డ వాక్యాన్ని చెరపకుండా అంచున పెన్సిల్‌తో రాసుకోవడం లాంటిదిది.

ఇలా చేస్తే చాలా చిక్కులు పుట్టకముందే ఆగిపోతాయి. రాత్రి లోడ్ అసలు టేబుల్‌ని ఎన్నిసార్లు తిరగరాసినా దిద్దుబాట్లు ఉంటాయి. "ఈ నంబర్ ఎవరు మార్చారు?" అంటే జవాబు ఉంటుంది. తప్పుగా మారిస్తే వెనక్కి తీసుకోవడం సులువు. మార్పుల టేబుల్ చిన్నది కాబట్టి దాన్ని పోస్ట్‌గ్రెస్ లాంటి మామూలు డేటాబేస్‌లో ఉంచి, వేర్‌హౌస్‌కి తరచుగా పంపుకోవచ్చు. అప్పుడు పైన చెప్పిన హద్దులు కూడా అడ్డు రావు.

ఈ పద్ధతి ఒక్క చోట దెబ్బతింటుంది: కీ నిలకడగా లేకపోతే. కొన్ని పైప్‌లైన్లు (డేటాని మోసుకొచ్చే ప్రోగ్రామ్‌లు) ప్రతి లోడ్‌లోనూ వరుసలకు కొత్త సంఖ్యలు వేస్తాయి. నిన్న 4512 అంటే ఒక ఆర్డర్, ఇవాళ 4512 అంటే ఇంకొకటి. వ్యాఖ్యలన్నీ నిశ్శబ్దంగా పరాయి వరుసలకు అతుక్కుంటాయి, ఏ ఎర్రర్ సందేశమూ రాదు. మూల సిస్టమ్‌లోని ఆర్డర్ నంబర్ లాంటి స్థిరమైన కీ దొరికేదాకా ఎడిట్ సౌకర్యం మొదలుపెట్టకండి. ఈ ఒక్క విషయంలో ఎవరు ఎంత తొందరపెట్టినా ఒప్పుకోవద్దు.

షీట్‌తో సరిపెట్టుకోవచ్చా

వర్గీకరణల వంటి చిన్న టేబుల్స్‌కి గూగుల్ షీట్ లేదా షేర్‌పాయింట్ లిస్ట్ నిజంగానే మంచి ఎంపిక. అందరికీ వాడటం వచ్చు, ఒకేసారి ఇద్దరు మార్చినా సెల్ స్థాయిలో గజిబిజి కాదు, వెర్షన్ చరిత్ర ఉంటుంది, లైసెన్స్ గొడవ తక్కువ. బిగ్‌క్వెరీలో షీట్‌ని నేరుగా ఎక్స్‌టర్నల్ టేబుల్‌గా జోడించి మిగతా డేటాతో జాయిన్ చేయవచ్చు. లుకర్ స్టూడియోలో షీట్ డేటా మామూలుగా 15 నిమిషాలకోసారి తాజా అవుతుంది. వర్గీకరణకి అది చాలు.

ఇబ్బంది షీట్‌కి నియమాలు లేకపోవడంతోనే. ఎవరో కాలమ్ పేరు మారుస్తారు, మధ్యలో ఖాళీ వరుస పెడతారు, "మొత్తం" అని చివర ఒక వరుస చేరుస్తారు, పైప్‌లైన్ ఆగిపోతుంది. షీట్లు విలువల్ని తమంతట తాము మార్చే అలవాటు కూడా చిన్నది కాదు. ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లని తేదీలుగా మార్చేస్తోందని 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ ఏకంగా పేర్లే మార్చింది, మార్చ్1 కాస్తా మార్చ్‌ఎఫ్1 అయ్యింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. పాత ఎక్సెల్ ఫైల్ ఫార్మాట్‌కి ఉన్న 65,536 వరుసల హద్దే అందుకు కారణం. కొన్ని వందల వరుసలు, ఇద్దరు ముగ్గురు నమ్మకమైన మనుషులు అయితే షీట్ వాడండి. హెడర్ వరుసని లాక్ చేయండి, కోడ్ ఉన్న కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి పెట్టండి, విభాగం కాలమ్‌కి డ్రాప్‌డౌన్ ఇవ్వండి. అంతకు మించితే వేరే దారి చూసుకోవాలి.

వర్గీకరణ నెలకోసారి కూడా మారదు, మార్చేది డేటా టీమే అయితే షీట్ కూడా అక్కర్లేదు. ఒక సీఎస్‌వీ ఫైల్‌ని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్) ఉంచి, డీబీటీ అనే డేటా టూల్‌తో "సీడ్"గా, అంటే చిన్న టేబుల్‌గా, లోడ్ చేస్తే ప్రతి మార్పుకీ సమీక్ష, చరిత్ర ఉచితంగా వస్తాయి.

మీ బీఐ టూల్ ఏమిస్తోంది

ఇక్కడ టూల్‌కీ టూల్‌కీ మధ్య తేడా చాలా ఎక్కువ. "మా దాంట్లో రైట్‌బ్యాక్ (డాష్‌బోర్డ్ నుంచి డేటాబేస్‌లోకి రాయడం) ఉంది" అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు సంగతులు ఉంటాయి.

సిగ్మాలో ఇన్‌పుట్ టేబుల్స్ అనేవి ఉన్నాయి. ఉన్న టేబుల్‌కి పక్కన రాసుకునే కాలమ్‌లు చేర్చుకోవచ్చు. మీరు రాసింది మీ వేర్‌హౌస్‌లోనే విడిగా కేటాయించిన స్కీమాలో చేరుతుంది, అసలు డేటా అలాగే ఉంటుంది. పైన చెప్పిన పద్ధతికి ఇది బాగా దగ్గర. ఇప్పటికే సిగ్మా వాడుతున్నవాళ్లు ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

పవర్ బీఐ రిపోర్ట్‌లో చాలాకాలంగా ఉన్న దారి, పవర్ యాప్స్ (చిన్న యాప్‌లు కట్టే మైక్రోసాఫ్ట్ టూల్) విజువల్‌ని రిపోర్ట్‌లో పొదగడం. పని చేస్తుంది, కానీ మూడు చోట్ల జాగ్రత్త కావాలి. రిపోర్ట్ ఇంపోర్ట్ మోడ్‌లో (డేటా కాపీని తెచ్చి పెట్టుకునే పద్ధతిలో) ఉంటే సేవ్ చేసినది పక్కనున్న చార్ట్‌లో కనిపించదు, తర్వాతి రిఫ్రెష్ దాకా ఆగాలి. ప్రో లైసెన్స్‌లో షెడ్యూల్ రిఫ్రెష్‌లు రోజుకి 8 మాత్రమే. కాబట్టి మార్పుల టేబుల్‌ని మాత్రం డైరెక్ట్‌క్వెరీలో, అంటే ప్రతిసారీ డేటాబేస్‌నే అడిగే పద్ధతిలో, ఉంచాలి. రెండోది, డేటాబేస్‌లోనే నడిపించలేని ఫిల్టర్ ఏదైనా యాప్‌లో రాస్తే అది మొదటి 500 వరుసల్లోనే వెతుకుతుంది. సెట్టింగ్ మార్చినా 2,000 దాటదు. టెస్ట్ డేటాలో అన్నీ బాగానే ఉంటాయి, అసలు డేటాలో వరుసలు "మాయమవుతాయి". మూడోది, ఎస్‌క్యూఎల్ సర్వర్ కనెక్టర్ ప్రీమియం కిందికి వస్తుంది, అంటే మార్చే ప్రతి మనిషికీ దానికి తగ్గ లైసెన్స్ ఉండాలి. 2025లో మైక్రోసాఫ్ట్ ట్రాన్స్‌లిటికల్ టాస్క్ ఫ్లోలు తెచ్చింది. రిపోర్ట్‌లోని బటన్ నొక్కితే ఫ్యాబ్రిక్‌లో (మైక్రోసాఫ్ట్ డేటా ప్లాట్‌ఫామ్) మీరు రాసిన ఫంక్షన్ నడిచి డేటాబేస్‌లో రాస్తుంది. ఫ్యాబ్రిక్ కెపాసిటీ ఇప్పటికే ఉన్నవాళ్లకి పవర్ యాప్స్ కంటే ఇదే శుభ్రమైన దారి. అయితే ఇది ఎక్సెల్‌లా సెల్‌లో టైప్ చేసే అనుభవం కాదు, వరుస ఎంచుకుని ఫారంలో నింపే పద్ధతి.

లుకర్‌లో కూడా అంతే. మోడల్‌లో ఒక ఫీల్డ్‌కి యాక్షన్ రాస్తే, సెల్ నొక్కినప్పుడు చిన్న ఫారం తెరుచుకుని మీరిచ్చిన చిరునామాకి ఆ వివరాలు పంపుతుంది. అందుకున్నాక రాసే సర్వీస్ మీరే కట్టుకోవాలి. మెటాబేస్‌లో మోడల్స్ మీద యాక్షన్లు పెట్టుకోవచ్చు, కొత్త వరుస, మార్పు, తొలగింపు ఫారాలు వాటంతట అవే తయారవుతాయి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వాడే చిన్న టీమ్‌లకి ఇది చాలా హాయి. టాబ్లోలో 2018 నుంచి ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. రైట్‌బ్యాక్ కోసం ఎక్కువగా బయటి కంపెనీల ఎక్స్‌టెన్షన్ కొనాలి, లేదా మీరే రాసుకోవాలి. కొనేముందు ఆ ఎక్స్‌టెన్షన్ మీ డేటాని ఏ సర్వర్ మీదుగా పంపుతుందో అడిగి తెలుసుకోండి.

ఫారం అన్నాక కొందరికి నిరాశ కలుగుతుంది, అందరూ ఎక్సెల్‌లా ఉండాలనే అడుగుతారు. అడిగింది అదే అయినా అవసరం ఎప్పుడూ అది కాదు. రోజుకి ఐదారు వరుసలకి స్థితి మార్చేవాళ్లకి ఫారమే మేలు, పొరపాటున పక్క సెల్ మారే భయం లేదు. ఒకేసారి రెండు వందల సెల్స్‌లో అంచనాలు పేస్ట్ చేసేవాళ్లకి ఫారం ఇస్తే మాత్రం వాళ్లు వారం తిరగకుండా ఎక్సెల్‌కి వెళ్లిపోతారు. ఎవరు ఎన్ని సెల్స్ మారుస్తారో వాళ్ల పక్కన కూర్చుని చూడండి, ఫారమా గ్రిడ్డా అన్నది తేలిపోతుంది.

బయట చిన్న యాప్ కట్టుకోవడం

రీటూల్, యాప్‌స్మిత్, బడిబేస్ లాంటి లో-కోడ్ (తక్కువ కోడ్‌తో యాప్ కట్టే) టూల్స్ ఈ పని కోసమే పుట్టినట్టుంటాయి. డేటాబేస్ కలపడం, టేబుల్ లాగి పెట్టడం, కాలమ్‌ని ఎడిటబుల్ అని గుర్తు పెట్టడం, సేవ్ బటన్‌కి ఒక క్వెరీ రాయడం. ఒక పూటలో పనిచేసే రూపం వస్తుంది. యాప్‌స్మిత్ ఓపెన్ సోర్స్, సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. డాష్‌బోర్డ్ నుంచి లింక్ ఇచ్చి, ఎంచుకున్న ఫిల్టర్లని ఆ లింక్‌లోనే పంపితే, వాడేవాళ్లకి రెండు చోట్లు అన్న భావన చాలావరకు పోతుంది. ఒక్కటి గమనించాలి: ఈ టూల్స్ మామూలుగా ఒకే డేటాబేస్ ఖాతాతో కలుస్తాయి. డేటాబేస్ దృష్టిలో మార్చింది ఎప్పుడూ ఆ ఒక్క ఖాతానే. లాగిన్ అయిన మనిషి ఎవరన్నది క్వెరీలో మీరే పంపి రాసుకోకపోతే చరిత్ర ఉండీ లేనట్టే.

పైథాన్, ఆర్ వచ్చినవాళ్లు ఉన్న టీమ్‌కి ఇంకో దారి. పైథాన్‌తో వెబ్ యాప్‌లు కట్టే స్ట్రీమ్‌లిట్‌లో 2023లో వచ్చిన డేటా ఎడిటర్ విడ్జెట్ ఒక్క లైన్‌తో డేటాఫ్రేమ్‌ని (పైథాన్‌లోని టేబుల్‌ని) ఎక్సెల్‌లా మార్చేస్తుంది. పేస్ట్ పనిచేస్తుంది, డ్రాప్‌డౌన్ కాలమ్, తేదీ కాలమ్ పెట్టుకోవచ్చు. కానీ అది మార్చేది బ్రౌజర్ ముందున్న కాపీని. డేటాబేస్‌లోకి రాయడం పూర్తిగా మీ పనే. మారిన వరుసల్ని కూడా అది వరుస స్థానంతో చెబుతుంది, మీ కీతో కాదు. సేవ్ చేసేముందు ఆ స్థానాన్ని సరైన కీకి మార్చుకోవడం మరవకండి. డాష్ అనే ఇంకో పైథాన్ లైబ్రరీలో ఏజీ గ్రిడ్ (ఎడిట్ చేయగల టేబుల్) వాడితే సెల్ మారగానే వరుస ఐడీ, పాత విలువ, కొత్త విలువ మూడూ చేతికొస్తాయి. మార్పుల టేబుల్‌కి కావలసినవి సరిగ్గా అవే. ఆర్‌తో వెబ్ యాప్‌లు కట్టే షైనీలో, టేబుల్స్ చూపే డీటీ ప్యాకేజీకి ఎడిటబుల్ అని చెబితే చాలు, కానీ వరుసల పేర్లు తీసేసినప్పుడు కాలమ్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఆర్ లెక్క ఒకటి నుంచి. సరిచూడకపోతే మార్పు పక్క కాలమ్‌లో పడుతుంది. ఈ మూడింటిలో ఒకటే ఎంచమంటే, టీమ్ లోపల వాడకానికి స్ట్రీమ్‌లిట్, ఎక్కువమంది రోజూ వాడేదానికి డాష్ అంటాను.

మీ ఉత్పత్తిలోనే డాష్‌బోర్డ్ ఒక భాగమై, కస్టమర్లు దాన్ని వాడుతుంటే, అప్పుడు జావాస్క్రిప్ట్ గ్రిడ్‌తో సొంతంగా కట్టడం తప్పదు. ఏజీ గ్రిడ్ కమ్యూనిటీ ఎడిషన్ ఎంఐటీ లైసెన్స్‌తో (ఉచితంగా వాడుకోనిచ్చే ఓపెన్ సోర్స్ లైసెన్స్) వస్తుంది, సెల్ ఎడిటింగ్ అందులోనే ఉంది. కానీ ఎక్సెల్ నుంచి బ్లాక్‌గా కాపీ చేసి పేస్ట్ చేసే సౌకర్యం డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఉంటుంది. వాడేవాళ్లు మొదటి రోజే అడిగేది ఆ పేస్టే. హ్యాండ్సాన్‌టేబుల్ అనుభవం స్ప్రెడ్‌షీట్‌కి చాలా దగ్గర, అయితే 2019లో ఏడో వెర్షన్‌తో ఎంఐటీ లైసెన్స్ వదిలేసింది, వ్యాపార వాడకానికి కొనాలి. ట్యాబులేటర్ ఇప్పటికీ ఎంఐటీయే, మధ్యస్థ అవసరాలకి బాగా సరిపోతుంది. గ్రిడ్ లైసెన్స్ ఖర్చు కంటే దాని వెనక సర్వర్, తనిఖీలు, అనుమతులు కట్టి ఏళ్లతరబడి చూసుకునే ఖర్చే పెద్దదని మాత్రం ముందే లెక్కేసుకోండి.

మొత్తాన్ని మార్చాలంటే

లక్ష్యాలు నింపేవాళ్లు తరచుగా మొత్తం మీదే టైప్ చేయాలనుకుంటారు: "ఈ ప్రాంతానికి 1,200 కాదు, 1,500 వేయండి." ఆ సెల్ వెనక వంద వరుసలు ఉన్నాయి. అదనపు 300ని వాటి మధ్య ఎలా పంచాలి? సమానంగానా, పాత నిష్పత్తిలోనా, నిరుటి అమ్మకాలని బట్టా? పాత విలువలన్నీ సున్నా అయితే నిష్పత్తే ఉండదు. పైన చెప్పిన టూల్స్ వీటికి జవాబు చెప్పవు. క్యూబ్‌లు, అంటే ప్రాంతం, నెల లాంటి కోణాల్లో మొత్తాలని లెక్కగట్టి ఉంచే డేటాబేస్‌లు, మాత్రం చెబుతాయి. 1990లలో వచ్చిన ఎస్‌బేస్ ఇలాంటి ప్లానింగ్‌తోనే పేరు తెచ్చుకుంది. మైక్రోసాఫ్ట్ అనాలిసిస్ సర్వీసెస్ మల్టీడైమెన్షనల్ క్యూబ్‌లలో సమాన పంపకం, నిష్పత్తి పంపకం రెండూ ఉన్నాయి. మార్పుని అసలు టేబుల్‌లో కాక, తేడాగా లెక్కగట్టి వేరే రైట్‌బ్యాక్ టేబుల్‌లో రాస్తుంది. మీ అవసరం నిజంగా ఇదే అయితే, అంటే వెర్షన్లు, పంపకాలు, ఆమోదాలు కావాలంటే, ఎస్ఏపీ అనలిటిక్స్ క్లౌడ్ లేదా అనాప్లాన్ లాంటి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోండి. బీఐ టూల్ మీద ఇదంతా కట్టబోతే ఏడాది తర్వాత మీ చేతిలో ఉండేది సగం పూర్తయిన ప్లానింగ్ సాఫ్ట్‌వేర్.

మిగతా అందరూ మొత్తాల సెల్స్‌ని ఎడిట్ చేయనివ్వకండి. కింది స్థాయి వరుసల్లోనే నింపనివ్వండి.

ఏ దారిలోనైనా ఎదురయ్యేవి

ఇద్దరు ఒకే టేబుల్ తెరిచారనుకోండి. ఒకరు స్థితి మార్చి సేవ్ చేశారు. రెండోవారి స్క్రీన్‌లో ఇంకా పాత స్థితే ఉంది, వాళ్లు గడువు తేదీ మార్చి సేవ్ చేశారు. యాప్ మొత్తం వరుసని పంపితే మొదటివారి మార్పు చెరిగిపోతుంది, ఇద్దరికీ "సేవ్ అయ్యింది" అనే సందేశమే వస్తుంది. మారిన సెల్‌ని మాత్రమే పంపితే ఇందులో ఎక్కువ భాగం తీరుతుంది. ఒకే సెల్ మీద ఢీకొంటే మాత్రం వెర్షన్ సంఖ్య కావాలి: చదివినప్పటి వెర్షన్‌ని సేవ్‌తో పాటు పంపాలి, ఇప్పుడున్న దానితో సరిపోకపోతే రాయకుండా ఆపి, రెండు విలువలూ చూపించి అడగాలి. 1981లో కుంగ్, రాబిన్సన్ రాసిన పరిశోధనా పత్రం నుంచి ఉన్న పద్ధతి ఇది, కట్టడం కష్టం కాదు. వ్యాఖ్యలకి ఇంత అక్కర్లేదు, చివరిది నిలిచినా నష్టం లేదు. డబ్బు, పరిమాణం, ఆమోదం ఉన్న కాలమ్‌లకి తప్పనిసరి.

సేవ్ చేశాక నంబర్ మారకపోవడం ఇంకో టెన్షన్. డేటా రాయబడింది, కానీ డాష్‌బోర్డ్ క్యాష్‌లో (తాత్కాలికంగా దాచుకున్న కాపీలో) ఉన్న పాత జవాబే చూపిస్తోంది. వాడేవాళ్లు సేవ్ కాలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఎంచుకునేముందు ప్రతి టూల్‌నీ ఈ ఒక్క ప్రశ్న అడగండి: సేవ్ నొక్కాక పక్కనున్న చార్ట్ మారడానికి ఎంతసేపు? క్షణాల్లో కుదరకపోతే ఆ సెల్ పక్కన "సేవ్ అయ్యింది, చార్ట్‌లో ఫలానా సమయానికి కనిపిస్తుంది" అని రాయండి. ఆ ఒక్క వాక్యం నమ్మకాన్ని కాపాడుతుంది.

అనుమతుల విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. పవర్ బీఐలోని వరుస స్థాయి భద్రత చదవడానికే వర్తిస్తుంది. అందులో పొదిగిన పవర్ యాప్ వేరే కనెక్షన్‌తో రాస్తుంది. ఆ కనెక్షన్ ఎస్‌క్యూఎల్ యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో చేసినదైతే యాప్‌తో పాటు అందరికీ పంచబడుతుంది. తనకు కనిపించని వరుసని కూడా ఎవరైనా మార్చగలిగే పరిస్థితి అలా వస్తుంది. కాలమ్‌ని తెరమీద దాచడం రక్షణ కాదు. ఎవరు ఏది మార్చవచ్చో సర్వర్ వైపు తనిఖీ ఉండాలి, విలువల్ని క్వెరీలో అతికించకుండా పారామీటర్లుగా పంపాలి.

ఇక విలువల తనిఖీ. వీలైన ప్రతి చోటా టెక్స్ట్ బదులు డ్రాప్‌డౌన్ ఇవ్వండి. ఖాళీకీ సున్నాకీ తేడా ఉంచండి, "లక్ష్యం ఇంకా వేయలేదు", "లక్ష్యం సున్నా" ఒకటి కావు. 03/04 అని టైప్ చేస్తే ఏ నెల అన్నది ఊహించకండి, క్యాలెండర్ చూపించండి. ఈక్వల్స్ గుర్తుతో మొదలయ్యే టెక్స్ట్‌ని సీఎస్‌వీగా దించుకుని ఎక్సెల్‌లో తెరిస్తే అది ఫార్ములాగా నడిచే ప్రమాదం ఉంది, ఎగుమతి చేసేటప్పుడు దాన్ని అడ్డుకోండి.

నన్నడిగితే

ఐదారుగురు మనుషులు, వ్యాఖ్యలు, స్థితులు, పోస్ట్‌గ్రెస్: మెటాబేస్ యాక్షన్లు. వేర్‌హౌస్ వాడుతూ బీఐ టూల్ ఇంకా ఖరారు కాకపోతే సిగ్మాని జాబితాలో చేర్చండి. పవర్ బీఐలో స్థిరపడిన సంస్థ అయితే ఫ్యాబ్రిక్ ఉంటే టాస్క్ ఫ్లోలు, లేకపోతే పవర్ యాప్స్, రెండింటికీ మార్పుల టేబుల్ డైరెక్ట్‌క్వెరీలో. వర్గీకరణలకి తాళాలు వేసిన షీట్. పది మందికి పైగా, ఆమోదాలతో, ఒకటికంటే ఎక్కువ టేబుల్స్‌లో పని ఉంటే లో-కోడ్ యాప్. మూల సిస్టమ్ వాస్తవాలకి లింక్, అంతే.

ఏది ఎంచుకున్నా ఒక్క కాలమ్‌తో, ఒక్క టీమ్‌తో మొదలుపెట్టండి. నెల తిరిగాక మార్పుల టేబుల్‌ని కాలమ్‌లవారీగా లెక్కపెట్టి చూడండి. ఒకే కాలమ్‌ని ఒకే రకంగా మళ్లీ మళ్లీ దిద్దుతున్నట్టు తేలితే, ఆ తప్పు పుట్టే చోటు మూల సాఫ్ట్‌వేర్‌లోనో పైప్‌లైన్‌లోనో దొరుకుతుంది. లెక్కని రుజువుగా తీసుకెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడండి. వాళ్లు సరిచేశాక ఆ కాలమ్‌ని ఎడిట్ జాబితా నుంచి తీసేయవచ్చు.